కొండదారి బండి: పాఠకుల ప్రశ్నలు, జయపురం షెడ్డు నుంచి జవాబులు

తొలకరి పడగానే ఈ శీర్షికకు ఉత్తరాలు పెరుగుతాయి. ఎండాకాలమంతా బాగానే తిరిగిన బండి, ఎర్రమట్టి తడిసిన రోజున తన లోపాలన్నీ బయటపెడుతుంది. ఒడిశాలోని కోరాపుట్, నబరంగపూర్, రాయగడ, గజపతి జిల్లాల నుంచి వచ్చిన వాటిలో ఎక్కువమందికి పనికొచ్చే ప్రశ్నలు ఏరి జవాబులు రాస్తున్నాను. ఈ ప్రాంతంలో మన తెలుగువాళ్ల ఇళ్ల ముందు మహీంద్రా జీపులైన ఎంఎం 540లు, కమాండర్లు, మారుతి జిప్సీలు ఇంకా చాలా ఉన్నాయి. వాటిని తుక్కు కింద తూచి అమ్మేయకుండా నడుపుకుంటున్న ప్రతి ఒక్కరి మీదా నాకు గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే కొన్నిచోట్ల కాస్త గట్టిగా చెబుతాను.

మాకు సెమిలిగుడ దగ్గర కాఫీ తోట ఉంది. నాన్నగారు కొన్న ఎంఎం 540 ఇప్పుడు నేను నడుపుతున్నాను. తోటలోంచి పైకి ఎక్కడానికి, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందించే ఫోర్‌వీల్ వేశాను. ఊళ్లోకి వచ్చాక లివరు వెనక్కి రాలేదు. స్టీరింగు బరువెక్కింది. మలుపు తిప్పితే బండిని వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు ఆగిపోతోంది. గేరుబాక్సు విప్పించాలా?
— ఒక కాఫీ రైతు, సెమిలిగుడ

విప్పించకండి. లోపల ఏమీ విరగలేదు, బిగుసుకుంది.

మీ బండిలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ నడుమ, రెండింటినీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. ఫోర్‌వీల్ వేయగానే ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని రెండు ఇరుసులకూ పంచే పెట్టె) రెండు షాఫ్టులనూ కలిపి ఒకే వేగంతో తిప్పుతుంది. మలుపులో ముందు చక్రాలు పెద్ద వంపు చుట్టి వస్తాయి, వెనకవి లోపలి నుంచి దగ్గర దారిన వస్తాయి. కాబట్టి రెండింటికీ వేగంలో తేడా కావాలి. తడిమట్టిలోనో గులకరాళ్ల మీదో అయితే ఏదో ఒక చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. సీసీ రోడ్డు మీద టైరు జారదు. ఆ తేడా ఎక్కడికీ పోలేక షాఫ్టుల్లోనూ గేరు పళ్ల మధ్యనూ మెలిగా పేరుకుంటుంది. పళ్ల మీద అంత ఒత్తిడి ఉండగా లివరును ఎంత లాగినా రాదు.

మన కొండ గ్రామాల దారులన్నీ ఇప్పుడు ఒకే తీరుగా ఉన్నాయి. మట్టిబాట వస్తుంది, ఊరు రాగానే సీసీ రోడ్డు, ఊరు దాటగానే మళ్లీ మట్టి. ‘ఈ కాస్త దూరానికి లివరు తీయడం దేనికి’ అనుకుని ఫోర్‌వీల్‌లోనే ఊళ్లోంచి మలుపులు తిప్పుకుంటూ పోతారు. అక్కడే బిగుసుకుంటుంది. సిమెంటు తగిలిన చోటే టూవీల్‌కు తెచ్చేయండి. మట్టి మొదలైన చోట మళ్లీ వేసుకోండి.

ఇప్పుడు విడిపించడం ఎలాగో చెబుతాను. చదునైన చోట స్టీరింగు నేరుగా పెట్టి, రివర్సులో మెల్లగా కొన్ని గజాలు వెనక్కి వెళ్లండి. క్లచ్చు తొక్కి పట్టి లివరు లాగండి. ‘టక్’మని వచ్చేస్తుంది. రాకపోతే ఒక వైపు చక్రాలను రోడ్డు అంచున మట్టిలోకి దించి అదే పని చేయండి. సుత్తితో కొట్టడం, లివరుకు ఇనుప గొట్టం తగిలించి లాగడం మాత్రం చేయవద్దు. లోపల గేర్లను జరిపే సెలెక్టర్ ఫోర్కు వంగితే అప్పుడు నిజంగానే గేరుబాక్సు విప్పాల్సి వస్తుంది.

నేరుగా వెళ్లేటప్పుడు కూడా ఇలాగే బిగుస్తుంటే నాకు అనుమానం టైర్ల మీద. ముందు రెండు కొత్తవి, వెనక రెండు అరిగినవి అయితే, లేదా ఒక మూల వేరే సైజు స్టెప్నీ ఎక్కి ఉంటే, నేరుగా నడిచినా చక్రాల వేగాలు కలవవు. దీన్ని పట్టుకోవడానికి సుద్దముక్క చాలు. నాలుగు టైర్లలోనూ గాలి సమానంగా పెట్టండి. ఒక్కో టైరుకు నేలను తాకే చోట గీత గీసి, నేల మీదా గుర్తు పెట్టండి. ఆ గీత మళ్లీ నేలకు వచ్చేదాకా బండిని తోయించి, రెండో గుర్తు పెట్టి టేపుతో కొలవండి. 6.00-16 టైరు ఒక చుట్టుకు రెండు మీటర్లకు పైగా నడుస్తుంది. నాలుగు కొలతలూ దాదాపు కలవాలి. వేలి వెడల్పు తేడా ఉందంటే అది ప్రతి చుట్టుకూ కలిసిపోతూ, కిలోమీటరు తిరిగేసరికి షాఫ్టులను మెలిపెట్టేస్తుంది.

మీ ముందు చక్రాలకు ‘ఫ్రీ’, ‘లాక్’ అని తిప్పి చక్రాన్ని ఇరుసు నుంచి విడదీసే, కలిపే హబ్బులు ఉంటే, వానలు పడుతున్నన్నాళ్లూ లాక్‌లోనే వదిలేయండి. లివరు టూవీల్‌లో ఉన్నంతసేపూ దానివల్ల బిగుసుకోవడం ఉండదు, ముందు షాఫ్టు ఊరికే తిరుగుతుంది, అంతే. బురదలో దిగి హబ్బులు తిప్పే పని తప్పుతుంది. వానలు వెళ్లాక ఫ్రీలో పెట్టుకోండి గానీ, అప్పుడప్పుడు లాక్ చేసి కాస్త దూరం నడపండి. ముందు హౌసింగులో (ఇరుసు గేర్లు ఉండే డొల్లలో) ఆయిలు పైకి చిమ్మితేనే గేర్లకు, సీళ్లకు తడి అందుతుంది. నెలల తరబడి తిరగని ఇరుసులో సీళ్లు ఎండిపోతాయి.

గేరుబాక్సుకూ హౌసింగులకూ ఒకటే ఆయిలు పోయవచ్చా? దుకాణంలో ‘అన్నీ 90 నంబరే’ అంటున్నారు.
— ఒక పాఠకుడు, నబరంగపూర్

90 అనేది చిక్కదనం మాత్రమే. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని ఇంకో గుర్తు ఉంటుంది. అదీ చూడాలి. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ. డిఫరెన్షియల్ గేర్లు ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి కాబట్టి వాటికి అది మంచిదే. పాత గేరుబాక్సుల్లో గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు ఇత్తడివి. ఆ మందులు ఇత్తడిని తినేయవచ్చు. గేరుబాక్సుకు జీఎల్-4 అడిగి తెచ్చుకోండి.

ఆయిలు మార్చేటప్పుడు ముందు పైన పోసే బోల్టు విప్పి చూసి, ఆ తర్వాతే కింద దించే బోల్టు విప్పండి. పాత బళ్లలో పై బోల్టు తుప్పుపట్టి బిగుసుకుని ఉంటుంది. కిందది ముందు విప్పేస్తే ఖాళీ గేరుబాక్సుతో కూర్చోవాలి. ఇంకొకటి గమనించండి. గేరుబాక్సులో ఆయిలు తగ్గుతూ, పక్కనున్న ట్రాన్స్‌ఫర్ కేసులో పెరుగుతోందంటే, ఆయిలు బయటికి కారడం లేదు, మధ్య సీలు పోయింది.

నేను లమతాపుట్ అవతల ఒక పాఠశాలలో పనిచేస్తున్నాను. దారిలో ఒక గెడ్డ దాటాలి. నాది ఫోర్‌వీల్ కమాండర్. ఎంత లోతు దాకా దిగవచ్చు? పోయినసారి దాటాక వెనక హౌసింగు ఆయిలు తెల్లబడింది. కొత్త సీలు వేసి ఎంతో కాలం కాలేదు. మళ్లీ సీలే పోయిందా? ఒక్కోసారి ఇద్దరు ముగ్గురు పిల్లలను కూడా ఎక్కించుకుంటాను.
— ఒక ఉపాధ్యాయుడు, కోరాపుట్ జిల్లా

మాస్టారూ, చివరి మాటతో మొదలుపెడతాను. పిల్లలు బండిలో ఉండగా పారే నీళ్లలోకి దిగవద్దు. చీలమండ లోతే అయినా వద్దు. నీరు తగ్గేదాకా ఒడ్డున కూర్చోబెట్టండి. బడి ఒక పూట ఆలస్యమైతే ఏమీ కాదు.

మీరు ఒక్కరే ఉన్నప్పటి సంగతి. గెడ్డలోకి బండి దిగేముందు మనిషి దిగాలి. చేతిలో వెదురు కర్ర పట్టుకుని, చక్రాలు రెండూ నడిచే దారుల వెంట నడవండి. కర్ర రాయికి తగిలి టకటకమంటే మంచిది, మెత్తగా దిగబడితే అక్కడ ఇసుక ఉంది. నీళ్లు మోకాలికి వచ్చి మిమ్మల్ని నిలవనీయకుండా తోస్తున్నాయంటే బండినీ తోస్తాయి. నిలకడగా ఉన్న నీటిలో నేను పెట్టుకున్న హద్దు చక్రంలో సగం, అంటే హబ్బు ఎత్తు. ఫోర్‌వీల్ ఉన్నంత మాత్రాన ఆ హద్దు పెరగదు. చక్రాలు నేలను పట్టుకుని ఉన్నప్పుడే ఫోర్‌వీల్ పనిచేస్తుంది. పారే నీరు బండిని పైకి లేపిందంటే నాలుగు చక్రాలు తిరిగినా ప్రయోజనం లేదు.

నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, బీడీ కాల్చేంత సేపు చూడండి. పుల్ల మునిగిందంటే పైన కొండల్లో వాన పడుతోందని అర్థం. ఇక్కడ చినుకు లేకపోయినా మన గెడ్డలు ఒక్కసారిగా పొంగుతాయి. నీరు ఎర్రబడి, నురగతో ఆకులు, పుల్లలు కొట్టుకొస్తుంటే ఇక కొలవడం అనవసరం. వెనక్కి తిప్పేయండి.

దిగాలని నిర్ణయించుకుంటే, ఒడ్డునే ఆగి ‘ఫోర్ లో’ (ఫోర్‌వీల్‌లో నెమ్మదిగా, బలంగా లాగే స్థానం) వేసి, రెండో గేరులో పెట్టుకోండి. మెల్లగా దిగి, అదే వేగంతో అవతలి ఒడ్డు ఎక్కేదాకా వెళ్లండి. మధ్యలో క్లచ్చు తొక్కవద్దు, గేరు మార్చవద్దు. బండి ముందు చిన్న అల ఒకటి ఏర్పడుతుంది, దాని వెనకే మీరు నడవాలి. వేగంగా దూకిస్తే ఆ అల బానెట్ మీదికి ఎక్కుతుంది. ఫ్యాను ఆ నీళ్లను ఇంజను అంతటా చిమ్ముతుంది. ఫ్యాను రెక్కలు వంగి రేడియేటర్‌ను కోసిన బళ్లు మా షెడ్డుకు వస్తూనే ఉంటాయి. ఫ్యానుకు నీరు తగిలేటట్టు ఉందంటే ముందే బెల్టు వదులు చేసుకోవాలి. అసలు అంత లోతుకు దిగకపోవడం ఇంకా మంచిది.

మీది డీజిల్ బండి. ప్లగ్గులు తడిసి ఆగిపోయే బాధ లేదు. కానీ గాలి పీల్చే గొట్టంలోంచి నీళ్లు సిలిండరులోకి వెళితే, పిస్టన్ పైకి వచ్చినప్పుడు ఆ నీళ్లు గాలిలాగా కుదించుకోవు. కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. కాబట్టి నీళ్లలో ఇంజను ఆగిందంటే సెల్ఫు కొట్టవద్దు. ఎంత తొందరున్నా కొట్టవద్దు. తాడు కట్టి బయటికి లాగించండి. ఇంజెక్టర్లు విప్పించి, ఇంజనును తిప్పించి నీళ్లు బయటికి పంపాక, ఆయిలు, ఫిల్టరు మార్చి అప్పుడు స్టార్టు చేయించండి.

ఇక హౌసింగు ఆయిలు తెల్లబడటం. మీ సీలు బాగానే ఉండి ఉంటుంది. హౌసింగు పైన వేలి కొన అంత చిన్న మూత ఒకటి ఉంటుంది. బ్రీదర్ అంటారు. వెనక కింద పడుకుని హౌసింగు పైభాగాన్ని వేళ్లతో తడిమితే దొరుకుతుంది. మన దగ్గర దాని మీద ఎర్రమట్టి గట్టిపడి, పెంకులా అతుక్కుపోయి ఉంటుంది. దాని పని హౌసింగు లోపలి గాలిని బయటి గాలితో కలపడం. ఎండలో కొండెక్కి వచ్చిన హౌసింగు బాగా వేడెక్కి ఉంటుంది, లోపలి గాలి వ్యాకోచించి ఉంటుంది. చల్లటి గెడ్డ నీటిలో మునగగానే ఆ గాలి కుంచించుకుపోయి బయట నుంచి ఏదో ఒకటి పీల్చుకోవాలి. బ్రీదర్ మూసుకుపోతే సీలు అంచుల వెంట నీళ్లు పీల్చుకుంటుంది. సీలు ఆయిలును లోపల ఆపడానికి చేసింది, నీటిని బయట ఆపడానికి కాదు. ఎన్ని కొత్త సీళ్లు వేయించినా ఇదే జరుగుతుంది.

ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే పూర్తిగా దించేయండి. తక్కువ ధర ఆయిలు పోసి రెండు మూడు కిలోమీటర్లు నడిపి, అదీ దించి, ఆ తర్వాత మంచి ఆయిలు పోయండి. బ్రీదర్ మూత విప్పించి, ఆ రంధ్రానికి సన్నని రబ్బరు గొట్టం తగిలించి, ఛాసిస్ వెంట పైకి తీసుకెళ్లి, కొనకు చిన్న ఫిల్టరు పెట్టించండి. ముందు హౌసింగుకూ అలాగే. ఖర్చు చాలా తక్కువ. ఈ కొండల్లో తిరిగే బండికి నేను మొదట చేయించే పని ఇదే. గెడ్డ దాటిన ప్రతిసారీ బ్రేకును మెల్లగా తొక్కి పట్టి కాస్త దూరం నడపండి, డ్రమ్ములు ఆరాలి. ముందు చక్రాల బేరింగులు విప్పించి, కొత్త గ్రీజు పెట్టించండి.

వేగం 55 దాటగానే స్టీరింగు రెండు వైపులా కొట్టుకుంటోంది. గుంతలో పడితే ఇంకా ఎక్కువ. చక్రాలు బ్యాలెన్స్ చేయించాను, తగ్గలేదు. స్టీరింగు డ్యాంపర్ వేయించుకోమని సలహా ఇచ్చారు.
— ఒక పాఠకుడు, గుణుపూర్

డ్యాంపర్ ఇప్పుడే వద్దు. అరిగిన భాగం ఏదో తెలియకుండా డ్యాంపర్ బిగిస్తే వణుకు కనబడకుండా పోతుంది, అరుగుదల పెరుగుతూనే ఉంటుంది.

ముందు ఒక మనిషిని సీట్లో కూర్చోబెట్టి, చక్రాలు నేల మీదే ఉండగా స్టీరింగును అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపమనండి. మీరు కింద పడుకుని స్టీరింగును చక్రాలకు కలిపే కడ్డీల కొనల మీద, అంటే ఒక్కో టై రాడ్ ఎండ్ మీదా, చేయి పెట్టండి. కంటికి కనబడని ఆట (వదులు) చేతికి తెలుస్తుంది. తర్వాత ముందు ఇరుసును జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉందంటే అది వీల్ బేరింగుదో కింగ్‌పిన్‌దో తేల్చాలి. సీట్లో మనిషిని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. ఆట పోయిందంటే వీల్ బేరింగు, అది బిగిస్తే సరిపోతుంది. బ్రేకు తొక్కినా ఆట ఉందంటే కింగ్‌పిన్ (చక్రం పక్కలకు తిరిగే కీలు) బేరింగు. ఇందులో మూతల కింద పలచని రేకు షిమ్ములు ఉంటాయి. బేరింగు మార్చి, షిమ్ములు తగ్గించి, చక్రం తిప్పేటప్పుడు కాస్త బిగువు తగిలేటట్టు సర్దాలి. తెలిసిన చేయి కావాలి, ఊరికే బిగించేస్తే కొత్త బేరింగూ పోతుంది.

ఇవన్నీ బాగుంటే కమాను పట్టీల బుష్‌లు, యు-బోల్టులు చూడండి. ఈ మధ్య ముందు పట్టీలు ఎవరైనా విప్పి వేశారా? ఇరుసు వాలు కొద్దిగా మారినా చక్రం నేరుగా నిలబడే గుణం పోతుంది. రోడ్డు మీద వణుకు పట్టినప్పుడు గట్టిగా బ్రేకు తొక్కవద్దు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగు గట్టిగా పట్టుకుని వేగం తగ్గనివ్వండి.

రాయగడ దగ్గర పల్లెల్లో ఆరోగ్య కార్యక్రమాలకు తిరుగుతుంటాను. ఆఫీసుకు ఒక పాత మహీంద్రా జీపు ఉంది, నేనే నడుపుతాను. వాలులో వెనక టైరు పంక్చరైతే హ్యాండ్ బ్రేకు వేసి జాకీ పెట్టాను. చక్రం లేవగానే బండి ముందుకు కదిలి జాకీ మీద నుంచి పడింది. దేవుడి దయవల్ల నా చేయి బయట ఉంది. హ్యాండ్ బ్రేకు గట్టిగానే పట్టి ఉంది. ఎందుకిలా జరిగింది?
— ఒక ఆరోగ్య కార్యకర్త, రాయగడ

అమ్మా, మీకు ఏమీ కానందుకు సంతోషం. ఇది పాత జీపులు నడిపే ప్రతి ఒక్కరికీ తెలియాలి.

చాలా పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాలకు ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో ఒక డ్రమ్ము ఉంటుంది, హ్యాండ్ బ్రేకు దాన్నే పట్టుకుంటుంది. రెండు వెనక చక్రాలూ నేల మీద ఉన్నంతసేపూ అది బండిని ఆపుతుంది. ఒక చక్రం గాలిలోకి లేచిందంటే కథ మారుతుంది. షాఫ్టు ఆగి ఉన్నా డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు తిరగగలవు కాబట్టి, నేల మీదున్న చక్రం ముందుకు దొర్లితే, లేచిన చక్రం వెనక్కి తిరుగుతుంది. షాఫ్టు కదలదు, హ్యాండ్ బ్రేకు పట్టే ఉంటుంది, బండి మాత్రం వెళ్లిపోతుంది. మీకు జరిగింది అదే. గేరులో వదిలినా ఇదే ఫలితం, ఎందుకంటే ఇంజను ఆపేదీ ఆ షాఫ్టునే.

ఇకనుంచి వాలులో టైరు మార్చాల్సి వస్తే ముందు చదును వెతకండి. టైరు పాడైనా ఫరవాలేదు, మెల్లగా నడుపుకుంటూ చదునుకు వెళ్లండి. దొరకకపోతే మిగిలిన మూడు చక్రాలకూ వాలు వైపు రాళ్లు పెట్టండి. ముందు హబ్బులు లాక్ చేసి, ఫోర్‌వీల్ వేసి, గేరులో ఉంచండి. అప్పుడు ముందు ఇరుసు కూడా పట్టుకుంటుంది. నట్లు చక్రం నేల మీద ఉండగానే వదులు చేసుకోండి. విప్పిన స్టెప్నీని ఛాసిస్ కిందికి తోసి ఉంచండి, జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది. బండిలో ఎప్పుడూ రెండు చెక్క దిమ్మలు పెట్టుకోండి. ఆఫీసువాళ్లకు ఈ జవాబు చూపించి, ఆ డ్రమ్ము విప్పించి చూడమనండి. ట్రాన్స్‌ఫర్ కేసు సీలు కారి, ఆయిలు బ్రేకు షూల మీద పడటం ఈ బళ్లలో మామూలే.

ఆర్మీ వేలంలో వచ్చిన జిప్సీ తక్కువ ధరకు దొరుకుతోంది. కొని, ఎత్తు పెంచి, పెద్ద టైర్లు, ముందు బంపర్ గార్డు, లైట్లు వేయించాలని ఉంది. మీ సలహా?
— ఒక యువకుడు, జయపురం

బాబూ, జిప్సీ మంచి ఎంపికే. తేలిక బండి, కమాను పట్టీలు, గట్టి ఛాసిస్. 1985లో 970 సీసీ ఇంజనుతో వచ్చింది, 1996 నుంచి 1.3 లీటర్ల ఇంజను. ఉత్పత్తి ఆగిపోయినా విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి.

ధర అడిగేముందు కాగితాలు అడగండి. వేలం పత్రాలు అసలువేనా, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం కలుస్తున్నాయా చూడండి. ఛాసిస్ నంబరు చుట్టూ గ్రైండరు గీతలు కనిపిస్తే అక్కడి నుంచి వచ్చేయండి. బండి ఆంధ్ర నంబరుతో ఉంటే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 ప్రకారం 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఒడిశా నంబరు తీసుకోవాలి. దానికి అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) కావాలి. సొంత బండికి 15 ఏళ్లు నిండితే తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఇవి అమ్మేవాడు ‘తర్వాత చూసుకోవచ్చు’ అంటాడు. మీరు ముందే చూసుకోండి.

ఎత్తు పెంచడం గురించి నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. అదే 1988 చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చకూడదు. ముందు గార్డులు బిగించినవాళ్లపై చర్య తీసుకోవాలని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఎత్తు పెంచిన జిప్సీ మన ఘాట్ మలుపుల్లో ఒరిగిపోతుంది, షాఫ్టు జాయింట్ల కోణం పెరిగి అవి త్వరగా పోతాయి. దేవమాలి శిఖరం దాకా వెళ్లడానికి మామూలు ఎత్తు, మంచి టైర్లు, సరైన గాలి చాలు. రాళ్ల మీద, బురదలో గాలి కొద్దిగా తగ్గించుకోండి, ట్యూబు టైర్లయితే 18 పీఎస్ఐ కంటే దిగవద్దు, రిమ్ము లోపల టైరు జారి వాల్వు తెగుతుంది. తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపండి. లైట్లకు దాచిన డబ్బు బేరింగులకు, బ్రేకు గొట్టాలకు, కింద ఛాసిస్ తుప్పుకు పెట్టండి.

మహేంద్రగిరి ఎక్కుతుంటే నా కార్బ్యురేటర్ జిప్సీ నీరసపడుతోంది, నల్ల పొగ వస్తోంది. ఈ మధ్య పెట్రోలు వాసన కూడా. కొత్త పెట్రోలు వల్లనా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

రెండు వేర్వేరు సంగతులు. మహేంద్రగిరి 1,501 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి సుమారు 15 శాతం పలచబడుతుంది. కార్బ్యురేటర్ దానికి తగ్గట్టు పెట్రోలు తగ్గించుకోదు, అందుకే నల్ల పొగ, నీరసం. ముందు ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయించండి. చోక్ పూర్తిగా తెరుచుకుంటోందా చూడండి. కాస్త నీరసం మాత్రం మిగులుతుంది, చిన్న గేరులో ఓపికగా ఎక్కాలి.

వాసనకు వెంటనే బండి ఆపి చూడండి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. పాత రబ్బరు గొట్టాలు, కార్బ్యురేటర్ డయాఫ్రంలు ఇథనాల్‌కు ఉబ్బి, పగులుతాయి. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు అడిగి, ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా మొత్తం మార్పించండి. బండిని నెలల తరబడి నిలిపేటట్టయితే ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకండి, ఇథనాల్ తేమను లాగి ట్యాంకుకు తుప్పు పట్టిస్తుంది.

పొట్టంగి నుంచి సుంకి ఘాట్ దిగి సాలూరుకు అల్లం బస్తాలు తీసుకెళుతుంటాను. పోయిన వారం సగం దిగేసరికి కాలిన వాసన వచ్చింది, బ్రేకు పెడల్ మెత్తబడి లోపలికి వెళ్లిపోయింది. చివరికి ఎలాగో ఆపగలిగాను. డీజిల్ ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగుతాను.
— ఒక రైతు, పొట్టంగి

ఈ రోజు నుంచి న్యూట్రల్ మానేయండి. ఇది సలహాగా కాదు, బతిమాలి చెబుతున్నాను. ఆదా అయ్యే డీజిల్ చాలా కొద్ది. ఇంజెక్షన్ పంపులో డీజిల్ మోతాదును అదుపు చేసే గవర్నర్ ఉండే డీజిల్ ఇంజను, గేరులో దిగుతూ యాక్సిలరేటర్ వదిలితే ఎలాగూ డీజిల్ దాదాపు తాగదు.

న్యూట్రల్‌లో బస్తాల బరువంతా డ్రమ్ము బ్రేకుల మీదే పడుతుంది. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూల నుంచి దూరమవుతుంది, లైనింగు పట్టు కోల్పోతుంది. పైగా బ్రేకు ఆయిలు గాలిలోని తేమను లాగుతుంది. పాతబడిన ఆయిలు త్వరగా మరిగి గొట్టాల్లో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. పెడల్ మెత్తబడింది అందుకే.

ఘాట్ మొదట్లోనే ఏ గేరులో ఎక్కేవారో ఆ గేరులోకి, బరువుంటే ఇంకా ఒకటి తగ్గించి పెట్టుకోండి. దిగడం మొదలయ్యాక మార్చాలంటే ఆలస్యమవుతుంది. వేగం పెరిగితే బ్రేకును ఒకసారి గట్టిగా తొక్కి, వదిలేయండి. పాదం దాని మీదే ఆనించి ఉంచవద్దు. వాసన వస్తే వెడల్పైన చోట పక్కకు తీసి, చక్రాలకు రాళ్లు పెట్టి, అరగంట ఆగండి. డ్రమ్ముల మీద నీళ్లు పోయవద్దు, పగులుతాయి. తడి మట్టి వాలుల్లో అయితే ఫోర్ లో వేసి మొదటి గేరులో దిగండి, ఇంజనే పట్టుకుంటుంది.

ఈ వారమే నాలుగు డ్రమ్ములూ విప్పించండి. లైనింగు అద్దంలా మెరుస్తుంటే షూలు మార్చాలి, ఉప్పుకాగితంతో రుద్ది సరిపెట్టవద్దు. వీల్ సిలిండర్ల రబ్బరు మూతలు వేలితో ఎత్తి చూడండి, లోపల తడి ఉందంటే సిలిండరు కారుతోంది. బ్రేకు ఆయిలు మొత్తం దించి కొత్తది పోయించి, గాలి తీయించండి. ఆ పని అయ్యేదాకా అల్లం వేరే బండిలో పంపండి.